బిడ్డను ఇంటి నుంచి తీసుకుపోవడానికి ఎంత రుజువు కావాలి?



సొలోమోను తీర్పు మనందరికీ సత్యోపదేశం తరగతుల నుంచి తెలిసిన కథే. ఒకే ఇంట్లో ఇద్దరు తల్లులు, ఒక చనిపోయిన బిడ్డ, ఒక బ్రతికి ఉన్న బిడ్డ. చూసిన సాక్షులు లేరు. రాజు కత్తి తెప్పించాడు. రాజుల మొదటి గ్రంథం 3వ అధ్యాయంలోని ఈ సంఘటనను చెప్పుకునేటప్పుడు రాజు తెలివిని, కన్నతల్లి ప్రేమను మెచ్చుకుంటాం. ఒక్క సంగతి మాత్రం గమనించకుండా దాటిపోతాం. సొలోమోను కత్తి తెప్పించాడేగాని వాడలేదు. రుజువు లేనప్పుడు ఇచ్చిన ఆజ్ఞను, నిజం తెలిసిన మరుక్షణమే వెనక్కి తీసుకున్నాడు. అందువల్లనే ఆ బిడ్డ బ్రతికింది, తల్లి ఒడికి చేరింది.

ఈనాటి న్యాయమూర్తుల ముందుకు ఇంతకన్నా కష్టమైన ప్రశ్న వస్తోంది. ఒక ఇంట్లో బిడ్డను హింసిస్తున్నారని ఎవరో ఫోన్ చేస్తారు. అది నిజమో కాదో ఆ రాత్రికి ఎవరికీ తెలియదు. తేల్చుకునేదాకా ఆగుదామంటే బిడ్డ ప్రాణం మీదికి రావచ్చు. ముందే తీసుకుపోదామంటే నిర్దోషులైన తల్లిదండ్రుల ఒడిలోంచి బిడ్డను లాక్కున్నట్టు కావచ్చు. మరి ఎంత రుజువు ఉంటే బిడ్డను ఇంటి నుంచి వేరు చేయవచ్చు? ఇది వకీళ్ళకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. కుటుంబాన్ని దేవుడు స్థాపించాడని నమ్మే మనకు, చిన్నబిడ్డలో ప్రభువునే చేర్చుకుంటున్నామని నమ్మే మనకు ఇది అంతరాత్మను కదిలించే ప్రశ్న.

ఆలస్యం చేసిన పాపం

మొదట ఆలస్యం ఏం చేస్తుందో చూద్దాం. విక్టోరియా క్లింబియె అనే చిన్నపిల్లను ఐవరీ కోస్ట్ దేశంలోని తల్లిదండ్రులు, మంచి చదువు చదువుకుంటుందన్న ఆశతో బంధువురాలి వెంట పంపారు. పిల్లను పిన్ని దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంచి చదివించడం మన ఇళ్ళలోనూ మామూలే. ఆ బంధువురాలు విక్టోరియాను లండన్‌కు తీసుకువచ్చింది. అక్కడ ఆమె, ఆమెతో ఉండే మనిషి కలిసి పిల్లను చిత్రహింసలు పెట్టారు. 1999 జూలైలో విక్టోరియాను రెండు ఆసుపత్రులకు తీసుకువచ్చారు. మొదటిసారి అనుమానం కలిగి, పోలీసులు ఆమెను తమ రక్షణలోకి తీసుకున్నారు కూడా. కాని ఒంటి మీది గుర్తులు గజ్జి వల్ల వచ్చినవేనని ఒక పెద్ద డాక్టరు అనడంతో ఆ రక్షణ తీసేశారు. 2000 ఫిబ్రవరిలో, ఎనిమిదేళ్ళ వయసులో విక్టోరియా చనిపోయింది. ఆమె ఒంటి మీద 128 గాయాలు లెక్కించారు. 2001లో ఆ ఇద్దరికీ హత్యానేరం కింద జీవిత ఖైదు పడింది. విచారణ జరిపిన లార్డ్ లామింగ్ 2003లో ఇచ్చిన నివేదికలో, ఆమెను కాపాడగలిగిన అవకాశాలు పన్నెండుసార్లు చేజారిపోయాయని తేలింది.

ఈ సంగతి తెలిసిన ఏ మనిషి అయినా, "రుజువు సంగతి తర్వాత, ముందు బిడ్డను బయటికి తీసుకురండి" అనే అంటాడు. ఆ మాట న్యాయమైనదే. కాని అదొక్కటే మన సూత్రమైతే ఏమవుతుందో కూడా చూడాలి.

తొందరపడిన పాపం

1987లో ఇంగ్లండ్‌లోని క్లీవ్‌లాండ్ జిల్లాలో కొద్ది నెలల వ్యవధిలో 121 మంది పిల్లలు లైంగిక హింసకు గురయ్యారని ఇద్దరు పిల్లల డాక్టర్లు నిర్ధారించారు. చాలామంది విషయంలో ఒక శారీరక లక్షణానికే ఎక్కువ విలువ ఇచ్చారు. అధికారులు అత్యవసర ఉత్తర్వులు తెచ్చి పిల్లలను ఇళ్ళ నుంచి తీసుకుపోయారు. పిల్లల వార్డులో మంచాలు చాలలేదు. ఆ తర్వాత కోర్టుల్లో ఎక్కువ కేసులు నిలబడలేదు, ఎక్కువమంది పిల్లలు ఇళ్ళకు తిరిగివచ్చారు. వారిలో నిజంగా హింసకు గురైనవారు ఎవరూ లేరని కాదు. అందరినీ ఒకే గాటన కట్టడం వల్ల, ఎవరు బాధితులో ఎవరు కాదో తేల్చడమే కష్టమైపోయింది. న్యాయమూర్తి ఎలిజబెత్ బట్లర్-స్లాస్ 1988లో ఇచ్చిన నివేదిక, బిడ్డ కూడా ఒక వ్యక్తి అనీ, పెద్దలు తమ ఆందోళన తీర్చుకోవడానికి దొరికిన వస్తువు కాదనీ హెచ్చరించింది.

అప్పటిదాకా అక్కడి చట్టం అత్యవసర ఉత్తర్వుతో బిడ్డను 28 రోజుల వరకు ఉంచుకోనిచ్చేది. 1989 నాటి పిల్లల చట్టం దాన్ని 8 రోజులకు తగ్గించింది. పొడిగిస్తే ఒక్కసారి, అదీ మరో 7 రోజులే. ఈ మార్పును గమనించండి. అత్యవసర ఉత్తర్వుకు పూర్తి రుజువు చూపించమని పార్లమెంటు అడగలేదు. బిడ్డకు పెద్ద హాని జరగవచ్చని నమ్మడానికి తగిన కారణం ఉంటే చాలు. కాని అంత తక్కువ రుజువుతో ఎన్ని రోజులు ఉంచుకోవచ్చో ఆ లెక్కను తగ్గించింది. ఇందులో ఒక గొప్ప నీతి ఉంది. అదేమిటో టెక్సాస్ ఉదాహరణ చూస్తే ఇంకా స్పష్టమవుతుంది.

టెక్సాస్‌లో 400 మంది పిల్లలు

2008 మార్చి చివర్లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, కుటుంబ హింస బాధితులకు ఆశ్రయమిచ్చే ఒక కేంద్రానికి ఫోన్ వచ్చింది. తన పేరు సారా అనీ, తనకు 16 ఏళ్ళనీ, చాలా పెద్ద వయసు మనిషికి తనను కట్టబెట్టారనీ, అతను కొడుతున్నాడనీ ఆ గొంతు చెప్పింది. తాను ఎల్డొరాడో అనే చిన్న ఊరి దగ్గరి 'ఇయర్నింగ్ ఫర్ జయాన్' అనే పెద్ద పొలంలో ఉన్నానని చెప్పింది. అక్కడ నివసించేవారు, మోర్మన్ల ప్రధాన సంఘం వదిలేసిన బహుభార్యత్వాన్ని పట్టుకుని విడిగా బ్రతుకుతున్న ఒక వర్గం. ఏప్రిల్ 3న పోలీసులు, పిల్లల సంరక్షణ అధికారులు లోపలికి వెళ్ళారు. సారా దొరకలేదు. ఆ తర్వాత కూడా దొరకలేదు. ఫోన్ చేసింది వేరే రాష్ట్రంలోని ఒక స్త్రీ అయి ఉంటుందని పోలీసులు అనుమానించారు.

అయితే చిన్నవయసులోనే గర్భవతులైనట్టు, తల్లులైనట్టు కనిపించిన ఆడపిల్లలను అధికారులు అక్కడ చూశారు. వెంటనే ఆ పొలంలో ఉన్న పిల్లలందరినీ, 400 మందికి పైగా, బస్సుల్లో తీసుకుపోయారు. ఆ ఆడపిల్లలనే కాదు, చంటిపిల్లలనూ మగపిల్లలనూ కూడా. ఆ వర్గమంతా ఒకే ఇల్లు లాంటిదనీ, వారి నమ్మకమే ఆడపిల్లలను బాధితులుగా, మగపిల్లలను రేపటి నేరస్తులుగా తయారు చేస్తుందనీ అధికారుల వాదన. రెండు రోజుల విచారణలో వందలాది వకీళ్ళు హాజరయ్యారు. చివరికి పిల్లలందరికీ కలిపి ఒకే నిర్ణయం వచ్చింది. పిల్లలను రాష్ట్రమంతటా ఉన్న ఆశ్రయాలకు పంపించారు.

టెక్సాస్ చట్టం ప్రకారం ఈ దశలో కావలసిన రుజువు పెద్దదేమీ కాదు. సామాన్యమైన వివేకం, జాగ్రత్త ఉన్న మనిషికి నమ్మకం కలిగించేంత సాక్ష్యం చాలు. కాని ఆ సాక్ష్యం మూడు సంగతులు చూపించాలి. బిడ్డ శరీరానికి ప్రమాదం ఉందని, వెంటనే తీసుకుపోవలసినంత తొందర ఉందని, తీసుకుపోకుండా కాపాడటానికి తగిన ప్రయత్నం చేశారని. 38 మంది తల్లులు పైకోర్టుకు వెళ్ళారు. మే 22న ఆస్టిన్‌లోని అప్పీలు కోర్టు, ఈ కొద్దిపాటి రుజువు కూడా అధికారులు చూపలేదని తీర్పు చెప్పింది. ఒక నమ్మకం ఉన్నంత మాత్రాన ప్రతి బిడ్డకూ తక్షణ ప్రమాదం ఉన్నట్టు కాదంది. వారం తర్వాత, మే 29న, రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. పిల్లలను తీసుకుపోవడం ఒక్కటే మార్గం కాదనీ, హింసించేవాడిని ఇంటి నుంచి దూరం పెట్టడం, పిల్లలను ఆ ప్రాంతం దాటించకుండా ఆపడం వంటి మార్గాలు చట్టంలో ఉన్నాయనీ గుర్తు చేసింది. జూన్ మొదటి వారంలో పిల్లలు తల్లులను చేరుకున్నారు.

ఇక్కడితో కథ ముగిస్తే మనకు సులువుగా ఉండేది. కాని ముగియలేదు. ఆ సుప్రీంకోర్టులోనే ముగ్గురు న్యాయమూర్తులు, ఈడొచ్చిన ఆడపిల్లల విషయంలో మాత్రం ప్రమాదానికి తగిన సాక్ష్యం ఉందని వేరుగా రాశారు. ఆ సంవత్సరం చివర్లో సంరక్షణ శాఖ ఇచ్చిన నివేదిక, 12 నుంచి 15 ఏళ్ళ లోపే పెళ్ళి పేరుతో అప్పగించబడిన ఆడపిల్లలు 12 మంది ఉన్నారని చెప్పింది. 2011 ఆగస్టులో ఆ వర్గం నాయకుడు వారెన్ జెఫ్స్, 12 ఏళ్ళ బాలిక మీద, 15 ఏళ్ళ బాలిక మీద చేసిన అత్యాచారాలకు జీవిత ఖైదు పొందాడు. అంటే ఆ పొలంలో ఘోరం నిజంగానే జరిగింది.

మరి పిల్లలను తిరిగి ఇవ్వమన్న కోర్టు తప్పు చేసిందా? కాదనే నా అభిప్రాయం. ఎందుకంటే జెఫ్స్‌కు శిక్ష పడింది ఆ వర్గం వాడైనందుకు కాదు. ఏ బాలిక, ఏ నేరం, ఏ సాక్ష్యం అని ఒక్కొక్కటిగా నిలబెట్టి చూపినందుకు. ఆ 12 మంది ఆడపిల్లలకు కావలసింది కూడా అదే. వారి పేరు పిలిచి, వారి బాధ విని, వారిని కాపాడటం. వందలమందిలో కలిపేసినప్పుడు పాలు తాగే పసిబిడ్డకు అన్యాయం జరిగింది. నిజంగా కాపాడవలసిన పన్నెండేళ్ళ పిల్ల కూడా ఆ గుంపులో కనబడకుండా పోయింది. వారి మతం మనకు సమ్మతం కాదు. అయినా నమ్మకాన్ని బట్టి ఇళ్ళన్నింటినీ దోషులను చేసే కొలబద్ద ఒకసారి తయారైతే అది వారి గుమ్మం దగ్గరే ఆగదని, అల్పసంఖ్యాకులుగా బ్రతికే మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

చిన్న రుజువుకు చిన్న అధికారం

ఈ ఉదాహరణల నుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే. అత్యవసర సమయంలో కొద్దిపాటి రుజువుతో చర్య తీసుకోవడం తప్పు కాదు. కొన్నిసార్లు అదే మన కర్తవ్యం. కాని చిన్న రుజువుకు చిన్న అధికారమే దక్కుతుంది. కొద్దిరోజులు, ఒక్కొక్క బిడ్డ విషయంలో విడివిడిగా, వెనక్కి తీసుకోగలిగిన విధంగా మాత్రమే. బిడ్డ ఇంటికి దూరంగా గడిపే రోజులు పెరిగేకొద్దీ అధికారులు చూపవలసిన రుజువు కూడా పెరగాలి. అనుమానంతో మొదలైనది అనుమానంతోనే నెలలు గడిపితే, అది కాపాడటం కాదు, రుజువు లేని శిక్ష.

ఎందుకింత జాగ్రత్త? హింస జరుగుతోందన్నది ఒక సంభావ్యత. తల్లి నుంచి వేరుచేస్తే బిడ్డ పొందే వేదన మాత్రం తప్పనిసరి. చంటిబిడ్డకు కోర్టు కాగితం అర్థం కాదు, అమ్మ రాలేదన్నదే అర్థమవుతుంది. అయినా ప్రాణం పోతే తిరిగి రాదు గనుక, పెద్ద హాని దగ్గరలో ఉన్నప్పుడు ఆ వేదనను కూడా భరించమని బిడ్డనే అడగవలసి వస్తుంది. అలా అడిగినవారు ఒక్క రోజు కూడా వృథా చేయకూడదు.

అమెరికా చట్టంలో ఈ మెట్లు కనిపిస్తాయి. మొదటి మెట్టు తక్కువ ఎత్తు. చివరి మెట్టు, అంటే తల్లిదండ్రుల హక్కును శాశ్వతంగా తెంచివేయడం, చాలా ఎత్తు. దానికి 'స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం' కావాలనీ, అటూ ఇటూ తూచి కాస్త మొగ్గు ఉంటే సరిపోదనీ 1982లో అమెరికా సుప్రీంకోర్టు శాంటోస్కీ కేసులో తీర్పు ఇచ్చింది. ఇంగ్లండ్‌లో చివరి మెట్టు కూడా అంత ఎత్తు కాదు. జరిగి ఉండటమే ఎక్కువ సంభవమని తేలితే చాలని 2008లో ప్రభువుల సభ స్పష్టం చేసింది. కాని అలా తేలకపోతే, జరిగిందేమోనన్న భయం మాత్రమే పట్టుకుని బిడ్డను ఉంచుకోవడానికి వీల్లేదు.

శ్రీసభ చట్టం చెప్పేది

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. 1983 నాటి శ్రీసభ చట్టంలో 1717వ సూత్రం ప్రకారం, నేరం జరిగిందన్న సమాచారం కనీసం నిజమై ఉండవచ్చు అనిపిస్తే చాలు, మేత్రాణులు జాగ్రత్తగా వాకబు చేయించాలి. 1722వ సూత్రం ప్రకారం, నేర విచారణ సాగుతుండగా నిందితుణ్ణి పరిచర్య నుంచి తాత్కాలికంగా దూరం పెట్టవచ్చు. కారణం తీరిపోగానే ఆ చర్యను రద్దు చేయాలి. తీర్పు చెప్పడానికి మాత్రం 1608వ సూత్రం నైతిక నిశ్చయం కావాలంటుంది. 1942 అక్టోబరులో పన్నెండవ పయస్ పోపుగారు రోమా న్యాయస్థానంతో మాట్లాడుతూ ఈ నైతిక నిశ్చయాన్ని వివరించారు. అది ఏ అనుమానానికీ తావులేని సంపూర్ణ నిశ్చయం కాదు. వట్టి సంభావ్యత కూడా కాదు. వివేకవంతుడికి సమంజసమైన సందేహం మిగలని స్థితి.

ఈ మొదటి మెట్టును శ్రీసభలోనే ఎందరో పెద్దలు తొక్కకుండా వదిలేశారని ఒప్పుకోక తప్పదు. పిల్లలు ఫిర్యాదు చేసినప్పుడు, "రుజువేది?" అని చివరి మెట్టు రుజువును మొదటి రోజే అడిగారు. ఆ మాట చాటున అనేక దేశాల్లో ఎందరో పిల్లలు ఏళ్ళ తరబడి బాధపడ్డారు. 2002 తర్వాత అమెరికా శ్రీసభ, 2019లో ఫ్రాన్సిస్ పోపుగారు కొత్త నియమాలు తెచ్చింది ఈ గాయం వల్లనే. కాబట్టి రుజువు గురించి మాట్లాడేటప్పుడు మనం వినయంగా మాట్లాడాలి. రుజువు అడగడం నిర్దోషికి కవచం. అదే మాట తప్పు సమయంలో అంటే దోషికి కవచం అవుతుంది.

మరొక సంగతి. ద్వితీయోపదేశ కాండం ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలంది. దానియేలు గ్రంథం 13వ అధ్యాయంలో సూసన్న మీద సాక్ష్యం చెప్పినవారు ఇద్దరే, పైగా పెద్దలు, న్యాయాధిపతులు. లెక్క సరిపోయింది గనుక సభ నమ్మేసింది. దానియేలు వారిని విడదీసి, ఏ చెట్టు కింద చూశారని అడిగితే ఒకరికొకరు పొంతన లేకుండా చెప్పి దొరికిపోయారు. సాక్షుల సంఖ్య, వారి హోదా రుజువు కావు. వారు చెప్పినదాన్ని పరీక్షించిన తర్వాతే అది రుజువు అవుతుంది.

మన ఇళ్ళకు, మన వీధికి

మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం ఇదే దారిలో నడుస్తుంది. రక్షణ అవసరమైన బిడ్డను, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లోగా జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. సామాజిక పరిశీలన 15 రోజుల్లో పూర్తి చేయాలి. తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో రావాలి. బిడ్డను సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గమని ఆ చట్టమే చెబుతోంది. ఈ గడువులు కాగితం మీద ఉంటే చాలదు. కమిటీలో కూర్చున్నవారు, పిల్లల గృహాలు నడిపే మన కన్యాస్త్రీలు, గురువులు ప్రతి బిడ్డ విషయంలో "ఈ రోజుకు కొత్తగా ఏం తెలిసింది?" అని అడుగుతూ ఉండాలి. పేదరికాన్ని నిర్లక్ష్యంగా పొరబడకుండా చూసుకోవాలి. కూలికి పోయిన తల్లి బిడ్డను పక్కింట్లో వదిలివెళితే ఆమెకు కావలసింది సహాయం. ఆమె బిడ్డను తీసుకుపోవడం సహాయం కాదు.

మన పిల్లలు, మనవలు అనేకమంది అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉంటున్నారు. బిడ్డ మీద చెయ్యి చేసుకోవడాన్ని అక్కడి బడి, ఆసుపత్రి చూసే తీరు వేరు. ఎప్పుడైనా అధికారులు తలుపు తడితే అవమానంతో దాక్కోవద్దనీ, గడువులోగా జరిగే మొదటి విచారణకు వకీలుతో తప్పక హాజరు కావాలనీ వారికి చెప్పండి. ఆ మొదటి విచారణ వారి హక్కు, వారి బిడ్డ హక్కు.

ఇక మనమాట. అధికారుల చేతికి వెళ్ళే రుజువు చాలాసార్లు పొరుగువారి నోటి నుంచే మొదలవుతుంది. పక్కింటి బిడ్డ ఒంటి మీద వాతలు కనిపిస్తే "మనకెందుకులే" అనుకోవద్దు. 1098కి చెప్పండి, విచారణ గురువులకు చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పండి. ఊహను సాక్ష్యంగా చెప్పవద్దు. ఆస్తి తగాదానో కులం కక్షనో మనసులో పెట్టుకుని నోరు విప్పేవాడు, పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం చెప్పరాదన్న ఆజ్ఞను మీరుతున్నాడు. బిడ్డే తన బాధ చెప్పుకుంటే నమ్మకంగా వినండి. పదేపదే గుచ్చి అడిగి ఆ మాటలను మార్చవద్దు. తేల్చే పని దానికి తగినవారికి వదలండి. ఏ ఇంటి మీద అనుమానం వచ్చి తర్వాత తప్పని తేలిందో, ఆ ఇంటివారు ఆదివారం పూజకు వచ్చినప్పుడు పక్కకు జరిగి చోటివ్వండి, పలకరించండి. కోర్టు ఇచ్చిన తీర్పును గుడి మెట్ల మీద మళ్ళీ విచారించడం మన పని కాదు.

చిన్నవారిలో ఒక్కరిని కూడా తృణీకరించవద్దని ప్రభువు మత్తయి సువార్త 18వ అధ్యాయంలో హెచ్చరించారు. ఆ ఒక్కరు దెబ్బలు తింటున్న బిడ్డ కావచ్చు, అమ్మ కోసం ఏడుస్తున్న బిడ్డ కావచ్చు. ఇద్దరినీ వేర్వేరుగా, పేరుపేరునా చూడగలిగే కళ్ళను ప్రభువు మన న్యాయమూర్తులకూ, అధికారులకూ, మనకూ ప్రసాదించుగాక.